ఒక సూర్యోదయం బొమ్మ, ఒక టిఫిన్ పళ్లెం, నానమ్మ చెప్పిన స్కైలాబ్: మా ఇంటి బడిలో ఒక రోజు

మేం ఉండేది రాజమహేంద్రవరంలో. పాపకి పదకొండేళ్లు, బాబుకి ఏడు. ఇద్దర్నీ బడి మాన్పించి ఇంట్లోనే చదివించడం మొదలుపెట్టి ఇది మూడో ఏడు. అంతకుముందు నేను తొమ్మిదేళ్లు స్కూల్లో ఫిజిక్స్ చెప్పాను. అత్తయ్య మాతోనే ఉంటారు. "మరి పరీక్షలు?" అని అందరూ అడుగుతారు కాబట్టి ఆ సంగతి ముందే చెప్పేస్తా. ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) వాళ్ల ఓపెన్ బేసిక్ ఎడ్యుకేషన్‌లో మూడు, ఐదు, ఎనిమిది తరగతులకి సమానంగా ఎ, బి, సి లెవెల్స్ ఉన్నాయి, పాప సి లెవెల్ రాస్తుంది, పద్నాలుగు నిండాక అక్కడే పది రాస్తుంది. ఆ టెన్షన్ మాకు లేదు. అసలు టెన్షన్ రోజువారీ చదువుదే.

కొత్తగా ఇంటి బడి మొదలుపెట్టిన తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న, సబ్జెక్టులన్నీ కలిపి ఒకే రోజులో ఎలా చెప్పాలి అని. మొదటి ఏడాది నేనూ అదే పట్టుకున్నాను. "అంతరిక్షం డే" అని ఒకటి పెట్టి, పొద్దున్న గ్రహాల పేర్లు, మధ్యాహ్నం అట్టతో రాకెట్, సాయంత్రం శ్రీహరికోట మీద ఒక వీడియో. పిల్లలు హుషారుగానే చేశారు. వారం తర్వాత అడిగితే రాకెట్‌కి అంటించిన వెండి కాగితం తప్ప ఇంకేం గుర్తులేదు. మూడు పనుల్నీ ఒకే పేరు కింద పెట్టానే గాని, ఒకదానితో ఒకదానికి నిజంగా సంబంధం లేదు. అట్ట రాకెట్ చెయ్యడానికి గ్రహాల పేర్లు తెలియక్కర్లేదు కదా. అప్పట్నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. సబ్జెక్టుల్ని నేను కలపను, అవి ముందే కలిసి ఉన్న వస్తువు ఒక్కటి వెతుక్కుని, రోజంతా దాని దగ్గరే కూర్చుంటాం. 2025 మార్చి 18, మంగళవారం నాడు ఆ పద్ధతి ఎలా నడిచిందో, ఎక్కడ తప్పిందో, నా నోట్సు చూసుకుంటూ రాస్తున్నాను.

ఆ రోజు ఎంచుకున్న వస్తువు ఒక చిన్న బొమ్మ. సోవియట్ వ్యోమగామి అలెక్సీ లియోనోవ్ రంగు పెన్సిళ్లతో గీసిన సూర్యోదయం. 1965 మార్చి 18న వోస్‌ఖోద్-2 నౌకలోంచి బయటికి వచ్చి, చరిత్రలో మొదటిసారి ఒక మనిషి అంతరిక్షంలో తేలాడు, 12 నిమిషాల 9 సెకన్లు. మళ్లీ లోపలికి వచ్చాక, ఆ నౌకలోనే కూర్చుని, తను చూసిన సూర్యోదయాన్ని చిన్న కాగితం మీద గీశాడు. అంతరిక్షంలో గీసిన మొదటి బొమ్మ అదే అంటారు. పెన్సిళ్లు తేలిపోకుండా ఒక్కోదానికి దారం కట్టి పెట్టుకున్నాడు. ఆయనకి చిన్నప్పట్నుంచీ బొమ్మల పిచ్చి, ఆర్ట్ అకాడమీలో చేరి, డబ్బు చాలక వదిలేసి, ఎయిర్‌ఫోర్స్ వైపు వెళ్లిన మనిషి. ఈ ఒక్క కాగితంలో బొమ్మ ఉంది, వాతావరణం అంచున రంగులు ఎందుకలా పట్టీలు పట్టీలుగా కనిపిస్తాయన్న సైన్స్ ఉంది, 1965 నాటి చరిత్ర ఉంది. నేను అతకాల్సింది ఏమీ లేదు. పైగా సరిగ్గా అరవై ఏళ్లు నిండిన రోజు.

డాబా మీద, ఐదున్నరకి

ముందురోజు రాత్రే ఐదు రంగు పెన్సిళ్లకి మిషన్ దారం కట్టి, రెండో చివర్ని జుట్టు రబ్బరు బ్యాండుకి ముడేసి, ఆ బ్యాండుని పిల్లల ముంజేతికి తొడిగాం. ఎరుపు, నారింజ, పసుపు, లేత నీలం, నలుపు. కాగితం పోస్టుకార్డంత. షరతులు రెండే. రబ్బరు వాడకూడదు, పెన్సిల్ వదిలేసినా కింద పెట్టకూడదు, వేలాడాలి.

మార్చి మధ్యలో మాకు ఆరూ పది ప్రాంతంలో సూర్యోదయం. మా ఊళ్లో గోదావరి పడమటి వైపు, అందుకని సూర్యుడు ఇళ్ల వెనకాల, కొబ్బరిచెట్ల వెనకాల లేస్తాడు. ఐదున్నర నుంచీ చూస్తూ గీయమన్నాను. దారాలు మెలిపడ్డాయి. బాబు ఎర్ర పెన్సిల్ లాగితే నీలం కూడా వచ్చింది, వాడికి కోపం వచ్చి దారం కొరికేద్దామనుకున్నాడు. అది నేను అనుకున్నదే. "ఆయనకి ఐదూ గాల్లో తేలుతూ ఇలాగే అడ్డం వచ్చుంటాయి, ఎలా గీశాడంటావ్?" అని అడిగితే, వాడు కాసేపు ఆలోచించి, వాడని నాలుగూ పళ్ల మధ్య పట్టుకున్నాడు. నేనేమీ చెప్పలేదు.

పాప మాత్రం ఎప్పట్లాగే ముందు కొబ్బరిచెట్లు గీసింది, తర్వాత వాటి మధ్య ఒక నారింజ గుండ్రం. రంగుల వరస చూడలేదు. చూసి గీయడానికీ, తెలిసింది గీయడానికీ ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది, చాలామంది పిల్లలు సూర్యోదయం అంటే పుస్తకంలో చూసిన సూర్యుణ్ణి గీస్తారు. నేను ఒక ఖాళీ టాయిలెట్ రోల్ గొట్టం ఇచ్చి, అందులోంచి చెట్ల పైన ఒక్క చోటే చూస్తూ, కింద నుంచి పైకి ఏ రంగు తర్వాత ఏ రంగు వస్తోందో చెప్పమన్నాను. "కింద ఎరుపులా ఉంది... దాని మీద నారింజ... పసుపు... అమ్మా, పసుపుకీ నీలానికీ మధ్యలో ఆకుపచ్చలా ఏదో ఉంది!" అంది. ఆ ఆకుపచ్చ మా ఐదు పెన్సిళ్లలో లేదు. పసుపు మీద నీలం రుద్ది తెచ్చుకుంది. ఆ కార్డు ఇప్పటికీ ఫ్రిజ్ మీద ఉంది.

కిందికి వచ్చి ఇడ్లీలు తిన్నాక లియోనోవ్ బొమ్మ ప్రింటు చూపించాను. ఉద్దేశపూర్వకంగానే ముందు చూపించలేదు, చూపిస్తే దాన్నే చూసి వేస్తారు. పాప మొదట అడిగింది, "మనకి ఆకాశమంతా రంగు ఉందిగా, ఆయనకి సన్నటి పట్టీలా ఎందుకుంది?" అని.

పళ్లెం లెక్క

ఈ ప్రశ్న వస్తుందని నా ప్లానులో ఉంది. టిఫిన్ పళ్లెం ఒకటి బోర్లించి డ్రాయింగ్ షీటు మీద చుట్టూ గీయించాను. కొలిస్తే అడ్డంగా 25 సెంటీమీటర్లు. ఇది భూమి అనుకుందాం. భూమి అసలు వ్యాసం 12,742 కిలోమీటర్లు. అంతరిక్షం మొదలయ్యే హద్దుగా చెప్పుకునే 100 కిలోమీటర్లు ఈ బొమ్మలో ఎంత ఉంటుంది? పాప అంచనా మూడు వేళ్ల వెడల్పు. బాబు అంచనా గోడదాకా. లెక్క వేయమన్నాను. 250 మిల్లీమీటర్లని 12,742తో భాగించి, వందతో గుణించి, మొదటిసారి దశాంశం తప్పు పెట్టి, రెండోసారి 1.96 తెచ్చింది. రెండు మిల్లీమీటర్లు.

స్కేలు పెట్టి ఆ రెండు మిల్లీమీటర్ల గీత గీస్తుంటే పాప మొహం చూశాను. ఒక అంకె పిల్లలకి ఎప్పుడు నిజమవుతుందంటే, చేత్తో గీసినప్పుడే. తొమ్మిదేళ్ల పాఠాల్లో వాతావరణం ఎత్తు నేను ఎన్నిసార్లు బోర్డు మీద రాశానో లెక్కలేదు, ఆ మొహం అక్కడ ఒక్కసారీ చూడలేదు. ఇంకో మాట కూడా చెప్పాను. మొత్తం గాలిలో 90 శాతం దాకా నేల మీంచి 16 కిలోమీటర్ల లోపే ఉంటుంది, అది ఈ కాగితం మీద 0.3 మిల్లీమీటర్లు, అంటే చెక్కిన పెన్సిల్ గీత మందం. మేఘాలు, వానలు, కాకులు, విమానాలు, పొద్దున మనం చూసిన ఎరుపూ నారింజా, అన్నీ ఆ గీతలోనే.

ఇక్కడే నేనొక తప్పు మాట అన్నాను. "ఈ రెండు మిల్లీమీటర్లు దాటితే గాలి లేదు" అన్నాను. చిన్న క్లాసులకి చెప్పే అలవాటు మాట. దాన్ని సరిదిద్దింది నేను కాదు.

పదిన్నరకి టీవీ

ఆకాశం రంగులు ఎలా వస్తాయో చూపించే పాల ప్రయోగానికి జాడీలో నీళ్లు పోస్తుండగా హాల్లోంచి అత్తయ్య కేక. "అమ్మాయ్, పిల్లల్ని తీసుకుని రావే, సునీత బయల్దేరుతోంది!"

ఆ రోజు వ్యోమగామి సునీతా విలియమ్స్ తిరుగు ప్రయాణం అని నాకు తెలుసు. కానీ మా ప్లాన్ లియోనోవ్‌ది, టీవీ పెడితే రోజు చెదిరిపోతుందని పొద్దున్నుంచీ పెట్టనివ్వలేదు. అత్తయ్య పెట్టేశారు. మన టైము ప్రకారం పది ముప్పై ఐదుకి వాళ్లని తెచ్చే డ్రాగన్ క్యాప్సూల్ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం (స్పేస్ స్టేషన్) నుంచి విడిపోయింది. 2024 జూన్ 5న, ఎనిమిది రోజుల పని అని వెళ్లిన సునీత, ఆమె తోటి వ్యోమగామి బుచ్ విల్మోర్, వాళ్లు వెళ్లిన స్టార్‌లైనర్ నౌకలో హీలియం లీకులూ థ్రస్టర్ల (చిన్న ఇంజన్ల) ఇబ్బందీ రావడంతో దాన్ని ఖాళీగా వెనక్కి పంపేసి, తొమ్మిది నెలలు అక్కడే ఉండిపోయారు. నాకైతే ఒక నిమిషం ఆలోచన పట్టింది, టీవీ కట్టేసి పాల దగ్గరికి తీసుకెళ్లాలా అని. కట్టలేదు. ఆ రోజు నేను తీసుకున్న నిర్ణయాల్లో పనికొచ్చింది అదొక్కటే అనిపిస్తుంది ఇప్పుడు.

ఎందుకంటే పాప అడిగింది, "స్టేషన్ ఎంత ఎత్తులో ఉంటుంది?" అని. సుమారు 400 కిలోమీటర్లు. అది వెంటనే లోపలికి పరిగెత్తి షీటు తెచ్చి, లెక్క వేసి, గుండ్రం బయట 8 మిల్లీమీటర్ల దగ్గర ఒక చుక్క పెట్టింది. "ఇంత దగ్గరా! నేనింకా చంద్రుడికి సగం దూరం అనుకున్నా." పక్కన ఇంకో లెక్క రాసుకుంది. సునీత తొమ్మిది స్పేస్‌వాక్‌లలో కలిపి బయట గడిపింది 62 గంటల 6 నిమిషాలు, మహిళల్లో అదే రికార్డు. లియోనోవ్‌వి 12 నిమిషాలు. ఎన్ని రెట్లో వేసి, మూడొందలు పైన అని తమ్ముడికి చెప్పింది.

అప్పుడు బాబు అడిగాడు, "మరి అంత దగ్గరుంటే మన మీద పడిపోదా?"

నేను నోరు తెరిచేలోపే అత్తయ్య అన్నారు. "ఎందుకు పడదురా, పడింది. నేను కొత్తగా కాపురానికొచ్చిన రోజులు. స్కైలాబ్ పడిపోతోందని ఊరంతా గోల."

మా అత్తయ్యది కోనసీమ. పిల్లలకి ఆవిడ రాముడి కథలు చెప్తారు, పొలాల కథలు చెప్తారు, అంతరిక్షం గురించి చెప్పగా నేనెప్పుడూ వినలేదు. 1979 జులై. అమెరికా వాళ్ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ కూలిపోతోందని, ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలీదని రేడియోలో చెప్పారట. ఎలాగూ పోతాం కదా అని ఊళ్లో కోళ్లన్నీ కోసుకు తిన్నారు. ఒకాయన చూడి గేదెని సగం ధరకి అమ్మేశాడు. మనవళ్లని చూసుకుందామని పట్నం నుంచి పిల్లల్ని పిలిపించుకున్న వాళ్లున్నారు. మా మామగారు మాత్రం ఆ రోజు కూడా ఊడ్పులకి వెళ్లారట, "పడితే పొలంలో పడనీ" అని. "పొద్దున్న లేచి చూస్తే అందరం ఉన్నాం, కోళ్లే లేవు" అన్నారు అత్తయ్య. పిల్లలు పడీపడీ నవ్వారు. జులై 11న అది హిందూ మహాసముద్రం మీదా, పశ్చిమ ఆస్ట్రేలియాలో మనుషులు పెద్దగా లేని చోటా ముక్కలై పడింది. ఎవరికీ ఏమీ కాలేదు.

నవ్వుతూనే పాప షీటు వైపు చూసి ఆగిపోయింది. "స్కైలాబ్ ఎంత ఎత్తులో ఉండేది?" 435 కిలోమీటర్లు అన్నాను. "అంటే ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. రెండు దాటితే గాలి లేదన్నావుగా. గాలి లేకపోతే తిరుగుతూనే ఉండాలి కదా. ఎందుకు పడింది మరి?"

నిజంగానే ఎందుకు పడింది? గాలి ఉంది కాబట్టి పడింది. నేను తప్పు చెప్పానని ఒప్పుకుని, మళ్లీ మొదట్నుంచి చెప్పాను. వాతావరణానికి గోడలాంటి హద్దు లేదు, పైకి పోయేకొద్దీ పల్చబడుతూ పోతుందంతే. 400 కిలోమీటర్ల దగ్గర కూడా గాలి ఉంది, మనం పీల్చలేనంత పల్చగా, కానీ గంటకి 27 వేల కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోయే వస్తువుని రోజుకింత రోజుకింత వెనక్కి లాగడానికి చాలేంత. స్కైలాబ్ సంగతి ఇంకోటి. ఆ ఏళ్లలో సూర్యుడి ఉధృతి అనుకున్నదానికంటే పెరిగింది, దాంతో పై వాతావరణం వేడెక్కి ఉబ్బింది, ఆ ఎత్తులో గాలి చిక్కనై, 77 టన్నుల స్కైలాబ్‌ని ముందే కిందికి దించేసింది. ఇప్పటి స్టేషన్‌కి కూడా అప్పుడప్పుడూ ఇంజన్లు మండించి ఎత్తు పెంచుతూ ఉంటారు, లేకపోతే అదీ దిగిపోతుంది.

నేను పాఠంగా చెప్పి ఉంటే "ఎక్సోస్ఫియర్, థర్మోస్ఫియర్" అని ఐదు పొరల పేర్లు బట్టీ పట్టించేదాన్ని. నానమ్మ ఊళ్లో కోళ్లు లేకపోవడానికీ సూర్యుడికీ సంబంధం ఉందని తెలిశాక, పై గాలి ఉబ్బుతుందన్న సంగతి ఆ పిల్ల ఈ జన్మలో మర్చిపోదు.

పాలు, సిరంజి, సీసా

పాల ప్రయోగం పన్నెండింటికి గానీ కుదర్లేదు. ఎత్తుగా ఉన్న గాజు జాడీలో లీటరు నీళ్లు, కర్టెన్లు వేసిన గది, ఫోను టార్చి, పాలు చుక్కలు చుక్కలుగా. బాబు గరిటెతో పోసేశాడు, మొదటి జాడీ మొత్తం తెల్లగా అయిపోయింది, పారబోసి మళ్లీ. చేసేవాళ్లకి ఒక మాట, లీటరుకి అర టీస్పూను దాటొద్దు, ఒక్కో చుక్కకీ కలిపి చూడాలి. టార్చి జాడీ అడుగున పెట్టి, పక్క నుంచి చూస్తే నీళ్లు లేత నీలంగా, పైనుంచి టార్చి వైపు చూస్తే వెలుగు నారింజ రంగులో ఉంటుంది. వెలుగులో నీలం ఎక్కువగా చెదిరి పక్కలకి పోతుంది, మిగిలిన ఎరుపూ నారింజా ముందుకి సాగుతాయి. సూర్యుడు అంచున ఉన్నప్పుడు వెలుగు ఎక్కువ గాలిలోంచి రావాలి కాబట్టి అంత ఎరుపు. బాబు జాడీ మీద మొహం పెట్టి "లోపల సూర్యుడు మునిగిపోతున్నాడు" అన్నాడు.

"గాలిలో పాలెక్కడున్నాయి?" అని పాప. ఈ ప్రశ్న అడగని పిల్లలకి ఈ ప్రయోగం అర్థం కానట్టే లెక్క. గాలిలో ఆ పని చేసేవి నైట్రోజన్, ఆక్సిజన్ అణువులే, దుమ్ము లేకపోయినా ఆకాశం నీలంగానే ఉంటుంది. ఫిబ్రవరి 28 సైన్స్ డేకి సి.వి. రామన్ గురించి చదువుకున్నాం, విశాఖపట్నంలో పెరిగి, పదకొండేళ్లకే మెట్రిక్ పాసైన పిల్లాడు, పెద్దయ్యాక 1921లో ఓడలో వస్తూ సముద్రం ఎందుకు నీలమని పట్టుకున్నాడు. ఆ ముక్క పాపే గుర్తుచేసింది, "నా వయసప్పుడు" అని కూడా అంది. నేను అక్కడితో వదిలేశాను, సాగదీస్తే పొద్దు చాలదు.

ఒంటిపూట బడులు మొదలయ్యాయి కాబట్టి మధ్యాహ్నం ఒంటిగంటకల్లా పక్కింటి పిల్లలిద్దరు వచ్చేశారు. వాళ్లకి లియోనోవ్ కథ మా బాబు చెప్పాడు, నేను మధ్యలో అందించాను. నౌకకి సుమారు ఐదు మీటర్ల తాడుతో కట్టి ఉన్నాడు. బాబు మాటల్లో, "గుంజకి లేగదూడలాగ". బయట గాలి లేదు, సూట్ లోపల గాలి ఉంది, దాంతో సూట్ ఉబ్బి బిర్రబిగుసుకుపోయింది. చేతివేళ్లు గ్లవ్స్ చివర్లకి అందడం లేదు, కాళ్లు బూట్లలో నిలవడం లేదు, వచ్చిన సన్నటి ద్వారంలోకి తిరిగి పట్టడం లేదు. సూట్‌లో గాలిని వాల్వు తిప్పి కొంచెం కొంచెంగా బయటికి వదిలి, కాళ్లు ముందు రావాల్సింది తల ముందు దూర్చి, లోపలికి వచ్చి పడ్డాడు.

"ఎందుకు ఉబ్బింది?" అన్నదానికి సిరంజి తీశాను. మెడికల్ షాపులో 50 మిల్లీలీటర్లది, సూది లేకుండా. నాలుగు రోజుల క్రితం హోలీకి కొన్న నీళ్ల బెలూన్లు మిగిలాయి. ఒకదాంట్లో శెనగగింజంత గాలి ఊది, ముడేసి, అంచులు కత్తిరించి సిరంజిలో వేశాం. లోపలి కాండాన్ని 15 దగ్గర పెట్టి, ముక్కుని వేలితో గట్టిగా మూసి, 45 దాకా లాగాలి. పిల్లల వేళ్లు చిన్నవి, పక్కల నుంచి గాలి దూరి నాలుగైదుసార్లు ఏమీ కాలేదు, పక్కింటి బాబు "ఇది పనిచెయ్యదాంటీ" అనేశాడు. నా బొటనవేలు పెట్టి మూస్తే అయింది. శెనగగింజ కళ్ల ముందే రేగిపండంత అయింది. కాండం వదిలితే మళ్లీ శెనగగింజ. నలుగురూ ఒక్కసారే "మళ్లీ!" అన్నారు. ఎవరూ బెలూన్‌లోకి కొత్తగా గాలి ఊదలేదు, చుట్టూ ఉన్న గాలి తగ్గింది, అంతే. వేలు ఎంత లోపలికి గుంజుకుపోయిందో పట్టి చూడండని నా బొటనవేలి మీది గుండ్రటి ముద్ర చూపించాను. ఆ తర్వాత గిన్నెలు తోమే రబ్బరు గ్లవ్ ఊది, ముడేసి, "ఇది లియోనోవ్ చెయ్యి, దీంతో పెన్సిల్ పట్టించండి" అన్నాను. వేలు వంచితే వెనక్కి తంతుంది. అరగంట దాంతోనే పోయింది.

నీళ్ల సీసా ప్రయోగం కూడా చేశాం. అడుగున చిల్లు పెట్టి, నీళ్లు కారుతుండగా డాబా మీంచి వదిలితే, పడుతున్నంతసేపూ నీళ్లు కారవు, ఫోన్‌లో స్లోమోషన్ తీస్తే స్పష్టంగా కనిపిస్తుంది. పెన్సిళ్లు ఎందుకు తేలాయో దాంతో చెప్పాలి. అంతరిక్షంలో గురుత్వాకర్షణ లేక కాదు, స్టేషన్ ఎత్తులో నేల మీద ఉన్నదాంట్లో 90 శాతం దాకా ఉంది, నౌకా మనిషీ పెన్సిలూ కలిసి పడుతూ ఉంటాయి, కాబట్టి ఒకదాని మీద ఒకటి బరువు మోపవు. చెప్పాను గాని, అప్పటికి మూడున్నర, ఎండ, పిల్లలు అలిసిపోయారు. సీసా మేడ మీంచి పడేయడమే ఆట అయిపోయింది. పాపకి సగం అందింది, మిగతా ముగ్గురికీ అందలేదు. ఇంకోసారైతే ఈ ప్రయోగం ఆ రోజు పెట్టను. బొమ్మలోంచి పుట్టిన ప్రశ్నకి మిగతా ప్రయోగాలు జవాబు చెప్పాయి. దీన్ని మాత్రం ఎవరూ అడగకముందే నేను తెచ్చి పెట్టాను, బాగుంటుందని. నా నోట్సులో దీని పక్కన "నా కోరిక" అని రాసుకున్నాను.

ఐదింటికి మళ్లీ బొమ్మలు. ఈసారి వాటర్ కలర్స్, పెద్ద కాగితం, ముందు తడిపి, కింద భూమి వంపు, దాని మీద పట్టీలు, పైన నలుపు. నలుపు ముందు వేసిన వాళ్లందరి రంగులూ బురదలా అయ్యాయి, చివర వేసిన వాళ్లవి నిలిచాయి. పక్కింటి పాప భూమి మీద పచ్చటి పొలం, ఒక కోడిని కూడా వేసింది, స్కైలాబ్ కథ దాకా చేరిపోయింది మరి. ఆరు దాటాక ఘాట్ దగ్గరికి వెళ్లి గోదావరి మీద సూర్యాస్తమయం చూశాం. గొట్టం ఎవరూ మర్చిపోలేదు.

తెల్లవారుజామున

బాబు పడుకున్నాడు. పాప మూడింటికి అలారం పెట్టుకుని లేచింది, అత్తయ్య అసలు పడుకోలేదు. మన టైము మూడూ ఇరవై ఏడుకి క్యాప్సూల్ నాలుగు పారాచూట్లతో ఫ్లోరిడా తీరం దగ్గర సముద్రంలో దిగింది. అంతకుముందు కొన్ని నిమిషాలు మాటల్లేవు, సిగ్నల్ ఉండదు, ఆ వేగానికి ముందున్న గాలి నొక్కుకుపోయి చుట్టూ 1,900 డిగ్రీల దాకా వేడి. పాప మెల్లగా అంది, "నానమ్మా, స్కైలాబ్‌ని కిందకి లాగిందీ ఆ గాలే, వీళ్లని ఆపుతోందీ ఆ గాలే." అత్తయ్య దండం పెట్టుకుంటున్నారు, వినలేదు. క్యాప్సూల్ చుట్టూ డాల్ఫిన్లు తిరుగుతుంటే ఇద్దరూ చప్పట్లు కొట్టారు.

మూడు వారాల తర్వాత, ఏప్రిల్ 8న, ముందు చెప్పకుండా అడిగాను. ప్రతి పాఠానికీ ఇలాగే చేస్తాను, ఆ రోజు ఎంత హుషారుగా ఉన్నారన్నది నేను లెక్కలోకి తీసుకోను. సూర్యాస్తమయం ఎరుపు గురించి ఇద్దరూ సొంత మాటల్లో చెప్పారు, బాబు "నీలం దారిలో దిగిపోతుంది, ఎరుపే ఇంటిదాకా వస్తుంది" అన్నాడు. సూట్ ఎందుకు ఉబ్బిందో సిరంజి లేకుండా చేతులతో చూపించాడు. పెన్సిళ్లు ఎందుకు తేలాయంటే "అక్కడ గురుత్వాకర్షణ లేదు" అన్నాడు, పాప "ఉంది" అంది గాని ఎందుకో సరిగ్గా చెప్పలేకపోయింది. ఆ పాఠం మళ్లీ వేరే రోజున, ఊయల దగ్గర మొదలుపెడతాను. సంవత్సరాలు బాబుకి గుర్తులేవు, 1979 ఒక్కటి తప్ప.

ఆఖర్న వాతావరణం గీసి చూపించమన్నాను. పాప లోపలికి వెళ్లి అదే టిఫిన్ పళ్లెం తెచ్చి బోర్లించి, చుట్టూ గుండ్రం గీసింది. స్కేలు తీసుకోలేదు. మెత్తటి పెన్సిల్‌తో అంచు పొడుగునా గట్టిగా రుద్ది, చూపుడువేలు తడి చేసుకుని, ఆ నలుపుని బయటికి బయటికి తుడుస్తూ పోయింది, స్టేషన్ చుక్క ఉండాల్సిన చోటు దాటి, కాగితం తెలుపులో ఎక్కడ ఆగిందో కనిపించకుండా.